ఎడమ కుడి కుడి ఎడమ

మా మెకానికల్ ల్యాబుకు క్రమం తప్పకుండా వచ్చేవి ఉడతలే. పిల్లలు రారని కాదు, అసలు పిల్లలే తక్కువ. వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల ఏ ఇంటర్ పిల్లవాణ్ణి కదిలించినా కంప్యూటర్ సైన్సు అంటాడు, లేదంటే దానికి తోక తగిలించిన ఇంకో కంప్యూటర్ సైన్సు అంటాడు. మా బ్రాంచికి వచ్చేవాళ్లలో కొందరు ఆ సీటు దొరక్క వచ్చినవాళ్లు, మిగతావాళ్లు కౌన్సెలింగులో ఆప్షన్లు అటూ ఇటూ నొక్కేసి ఆనక లబోదిబోమన్నవాళ్లు. వాళ్లకు ఇంజన్ల పాఠం చెప్పడం నా ఉద్యోగం. ఉద్యోగమనే కాదు, ఆ పాఠమంటే నాకు ప్రాణం. ఆ సంగతి దాచుకోవడం నాకు చేతకాదు. కోపం దాచుకోవడం అసలే చేతకాదు.

ల్యాబులో ఒక మూల ఎనిమిది సిలిండర్ల పెట్రోల్ ఇంజన్ ఉంది. కాలేజీ పెట్టిన కొత్తలో ఏదో వేలంలో కొన్నారట. పాత మిలిటరీ ట్రక్కుదని కొందరంటారు, ఎవరో దొరవారి కారుదని ఇంకొందరంటారు. నాలుగు సిలిండర్లు ఎడమకు వాలి, నాలుగు కుడికి వాలి ఉంటాయి. మధ్య లోయలో ఉడత గూడు. నేను చేరినప్పటి నుంచి అది తిరగ్గా చూసినవాళ్లు లేరు. పరీక్షలప్పుడు పిల్లలు దాని ముందు నిలబడి భాగాల పేర్లు గడగడా అప్పజెబుతారు, నేను మార్కులు వేస్తాను, అందరం ఇళ్లకు పోతాం. నిరుడు దసరా దాకా దాని బతుకూ మా బతుకూ అలాగే నడిచాయి.

ఆ దసరాకు ముందు ప్రిన్సిపాల్ సార్ గదికి పిలిచారు. ఆయనా మెకానికల్ మనిషే. ఇదే ల్యాబులో నాకంటే ముందు పాఠాలు చెప్పి, తర్వాత పెద్ద కుర్చీకి వెళ్లారు. ఎదురుగా టీ పెట్టించి, నా ముఖం చూడకుండా మొదలుపెట్టారు.

"మేడం, వచ్చే ఏడు మన బ్రాంచిల అడ్మిషన్లు ఆపుదామంటున్నరు మేనేజ్‌మెంటోళ్లు. పిల్లలు చేర్తలేరు, ఏం చేద్దాం చెప్పండి. ల్యాబు ఖాళీ చేసి కంప్యూటర్లు పెడ్తరట. ఆ ఎనిమిది సిలిండర్లదాన్ని పాత సామాన్లాయనకు చెప్పిన్రు."

"మరి నేను?"

"మీకేం ఫికర్ లేదు. ఆన్‌లైన్ ట్రైనింగ్ ఉంది, పైథాన్ నేర్చుకోండి. ఫస్టియర్ పిల్లలకు చెప్దురు."

పైథాన్ మీద నాకు పగేమీ లేదు. కానీ ఇన్నేళ్లు వంట చేసిన మనిషిని పిలిచి, రేపటి నుంచి నువ్వు బట్టలు కుట్టు, జీతం అదే ఇస్తాం అంటే ఎలా ఉంటుంది? ఒళ్లు మండిపోయింది. టీ ముట్టలేదు.

"అది తిరిగితే ఏం చేస్తారు సార్?" అన్నాను.

"ఏది?"

"ఆ పాత ఇంజన్."

ఆయన నవ్వారు. "అది తిరగది మేడం. మీకన్న ముందు నేను చూసిన. వయసుల ఉన్నప్పుడు ఎన్ని ఆదివారాలు దాని కింద పండుకున్ననో. నాకే తిరగలే." పెన్ను మూత బిగించి, మళ్లీ అన్నారు. "సరే. సెలవులయినంక ఇంటర్ పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు కాలేజీ చూడ్డానికి వస్తరు గద. ఆ రోజు తిప్పి చూపించండి. మేనేజ్‌మెంటుతోని మాట్లాడే ముఖం నాకుంటది. తిరగకపోతే మాత్రం నన్నేం అనొద్దు."

అలా నా ఉద్యోగం, నా బ్రాంచి, నా ల్యాబు ఆ తుప్పు ఇంజన్ మీదకు వచ్చి కూర్చున్నాయి. గది బయటికి వచ్చి తిన్నగా ల్యాబుకు నడిచాను. కోపంలో మాట విసరడం తేలిక. ఆ ఇంజన్ వైపు నేనే ఏళ్ల తరబడి పరీక్ష కళ్లతో తప్ప చూడలేదు.

పైన చెప్పిన రెండు రకాల్లోనూ చేరని పిల్ల ఒకతి మా మూడో సంవత్సరంలో ఉంది. నర్సంపేట వైపు రైతుల ఇంటి పిల్ల. మంచి ర్యాంకు తెచ్చుకుని, ఇంట్లో అందరూ వద్దంటున్నా మొదటి ఆప్షన్‌గా మెకానికల్ పెట్టుకుని వచ్చింది. ఎందుకమ్మా అంటే, "మా ట్రాక్టర్ ఖరాబైతే నాకు జరమొచ్చినట్టు అయితది మేడం" అని జవాబు చెప్పింది. ఆ జవాబుకు నేను పడిపోయాను.

ఆ పిల్ల ఆ వారమే ఫోన్ పట్టుకుని వచ్చింది. అందులో కొత్త హైబ్రిడ్ సూపర్‌కార్ వీడియో. ఎనిమిది సిలిండర్లు, రెండు టర్బోలు, పైగా కరెంటు మోటార్లు. ఇంజన్ నిమిషానికి పదివేల చుట్ల దాకా తిరుగుతూ కీచుమని అరుస్తోంది. క్లాసంతా ఆ ఫోన్ మీద మూగింది.

"మేడం, మనదాంట్ల గూడ ఎనిమిదే ఉన్నయి గద. తిరిగితే గిట్లనే అరుస్తదా?" అని అడిగింది.

ఇలాంటి ప్రశ్న పడితే నన్ను ఆపడం కష్టం. అందరినీ బెంచీల ముందు కూర్చోబెట్టాను. ఎడమ చెయ్యి ఎడమవైపు సిలిండర్లు, కుడి చెయ్యి కుడివైపువి, బెంచీ మీద కొట్టండి అన్నాను. ఆ సూపర్‌కార్ ఇంజన్‌లో పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ ఇరుసు మెలికలన్నీ ఒకే తలంలో, పలక మీద పరిచినట్టు ఉంటాయి. అందుకని ఒకసారి ఎడమ, ఒకసారి కుడి, వరస తప్పకుండా మండుతుంది. షాఫ్ట్ తేలిగ్గా ఉంటుంది, చిటికెలో వేగం అందుకుంటుంది, కాకపోతే వణుకు ఎక్కువ. మన పాతదానిలో ఆ మెలికలు కూడిక గుర్తులా నాలుగు దిక్కులకు ఉంటాయి. బరువెక్కువ, వణుకు తక్కువ. మండే వరస మాత్రం వేరు. ఎడమ, కుడి, కుడి, ఎడమ, కుడి, ఎడమ, ఎడమ, కుడి. ఒకే వైపు వెంటవెంట రెండు దెబ్బలు పడే చోట్లున్నాయి చూడండి, ఆ గుడగుడ అక్కణ్ణుంచే వస్తుంది. అది కీచుమనదు, గురగురలాడుతుంది.

పిల్లలు బెంచీలు వాయించారు. మొదట గందరగోళం, తర్వాత వరస కుదిరింది. పక్క బ్లాకు నుంచి ఒక సార్ వచ్చి ఇదేం పెళ్లి ఊరేగింపా అని అడిగిపోయాడు.

వెనక బెంచీ అబ్బాయి ఒకడు వాయించడం ఆపి, "కరెంటు బండ్లొచ్చినంక గీ పెట్రోల్ ఇంజన్ ఎవనికి గావాలె మేడం?" అన్నాడు. కడుపు మండింది గానీ ప్రశ్న న్యాయమైనదే.

నేను డోర్నకల్‌లో రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినదాన్ని. నాన్న డీజిల్ ఇంజన్లు నడిపేవాడు. చిన్నప్పుడు ఆ పెద్ద ఇంజనే చక్రాలను తిప్పుతుందనుకునేదాన్ని. కాదు తల్లీ, అది కరెంటు పుట్టిస్తది, చక్రాల కాడ ఉన్న మోటార్లు బండిని లాగుతయి అని నాన్న చెప్పినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ గుర్తే. నేను ఈ చదువు చదవడానికి కారణం ఆ ఒక్క మాట. అదే ఆ అబ్బాయికి చెప్పాను. ఇంజనూ మోటారూ మన ప్లాట్‌ఫారం మీద ఎప్పటి నుంచో కలిసి కాపురం చేస్తున్నాయిరా, ఒకటి వచ్చిందని ఇంకోదాన్ని గెంటెయ్యక్కర్లేదు. సూపర్‌కార్‌లో జరిగేదీ అదే. యాక్సిలరేటర్ నొక్కగానే మోటారు ఉన్నపళంగా లాగుతుంది. టర్బో పొగ గాలితో తిరిగేది, ఊపందుకోవడానికి దానికి కాస్త టైం పడుతుంది. ఆ కాస్త టైంలో మోటారు బండిని పట్టుకుని ఉంటుంది. ఆ తర్వాత ఇంజన్ అందుకుంటుంది. బ్రేకు వేసినప్పుడు అదే మోటారు జనరేటర్‌గా మారి బ్యాటరీ నింపుతుంది.

"అయితే మనదాన్ని గూడ హైబ్రిడ్ చేద్దాం మేడం" అంది నర్సంపేట పిల్ల. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఎందుకంటే మా ఇంజన్‌కు స్టార్టర్ ఎప్పుడో కాలిపోయింది. ఏదో ఒక మోటారు మాకు ఎలాగూ కావాలి.

పాడైపోయిన బ్యాటరీ ఆటో ఒకటి దొరికింది. దాని మోటారు మాత్రం బాగుంది. బైకు చైను, పెద్ద పళ్ల చక్రం, చిన్న పళ్ల చక్రం పెట్టి దాన్ని ఎనిమిది సిలిండర్లదానికి జత చేశారు పిల్లలు. మోటారు ఇంజన్‌ను లేపాలి. లేచాక ఇంజన్ మోటారును తిప్పితే కరెంటు పుట్టి పైన కట్టిన బల్బులు వెలగాలి. సూపర్‌కార్ చేసే పని ముసలి ప్రాణంతో చేయించడం, అంతే. వెనక బెంచీ అబ్బాయి ఉడత గూటిని అట్టపెట్టెలోకి దించి కిటికీలో పెట్టాడు. పెట్రోలులో గాలి కలిపే కార్బురేటర్ విప్పి కడిగారు. ప్లగ్గులు మార్చారు. నేను చీర కొంగు బిగించి వాళ్లతోపాటు కింద కూర్చున్నాను. ఆ రోజుల్లో నా అంత సంతోషంగా ఉన్న మనిషి వరంగల్‌లో లేదు. భయం కూడా అంతే ఉంది.

సెలవులిచ్చే ముందు ఒక పని మిగిలింది. ముందువైపు పుల్లీ అంచున సన్నటి గీత చెక్కి ఉంటుంది. మొదటి సిలిండర్‌లో పిస్టన్ పైకి చేరినప్పుడు ఆ గీత ఎదురుగా ఉన్న ముల్లు దగ్గరికి వస్తుంది. ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో ఆ గుర్తును బట్టే పెట్టుకోవాలి. పుల్లీ రుద్ది, గీత వెతికి, కనపడేట్టు పసుపుపచ్చ పెయింట్ వెయ్యండి అని పిల్లలకు చెప్పాను. రుద్దారు, మెరిసింది. పెయింట్ తేవాల్సిన రోజునే ఆయుధ పూజ వచ్చింది.

మా వర్క్‌షాపులో పూజ ఘనంగా చేస్తాం. లేతులకు, డ్రిల్లింగ్ మిషన్లకు బంతిపూల దండలు, నిమ్మకాయలు. ప్రిన్సిపాల్ సార్ వచ్చి కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పళ్లెం పట్టుకుని ఒక్కోదానికి బొట్టు పెట్టుకుంటూ పోయారు. చివర మా ఎనిమిది సిలిండర్లదాని దగ్గర ఆగారు. పాత సామాన్లాయనకు అమ్మడానికి ఒప్పుకున్నదీ ఆయనే, బొట్టు పెడుతున్నదీ ఆయనే అని నాకు లోపల్లోపల రగిలిపోయింది. ఆయన దానికి వంగి మరీ బొట్టు పెట్టారు. నేను ముఖం తిప్పుకున్నాను. పూజయ్యాక పనిముట్లు ముట్టకూడదు కనుక తాళం వేసి ఎవరిళ్లకు వాళ్లం పోయాం.

సెలవులయ్యాక వచ్చి చూస్తే పుల్లీ మీద చక్కటి పచ్చ గీత ఉంది. ఎవరికి వారు పక్కవాడు పెయింట్ వేశాడనుకున్నారు. పిల్లలు ఇంత బాధ్యతగా తయారయ్యారే అని నేను మురిసిపోయాను. ఆ గీతను ముల్లుకు కలిపి, రవ్వను వంతులవారీగా ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్ బిగించి, ఎదురు చూశాం.

కాలేజీ చూడ్డానికి వచ్చే రోజు రానే వచ్చింది. బస్సుల నిండా ఇంటర్ పిల్లలు. వాళ్ల వెనక అమ్మలు, నాన్నలు, ఒకరిద్దరు మేనమామలు. ప్రిన్సిపాల్ సార్ వాళ్లందరినీ మా ల్యాబుకు తీసుకొచ్చారు. మేనేజ్‌మెంటు పెద్దమనిషి ఒకాయన గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి వస్తే నూనె అంటుతుందేమోనని. నర్సంపేట పిల్ల హైబ్రిడ్ అంటే ఏమిటో చక్కగా చెప్పి, స్విచ్ వేసింది.

మోటారు గుర్రుమంది. చైను బిగిసింది. ఎనిమిది సిలిండర్లు మూలిగి కదిలాయి. ఒకసారి దగ్గింది. ఇంకోసారి. తర్వాత కార్బురేటర్ నోట్లోంచి మంట నాలుకలా బయటికి వచ్చి, ఢామ్మని పేలింది. కిటికీలో ఉడత ఎటు పోయిందో. ఆడపిల్లలు కెవ్వున అరిచారు, మగపిల్లలు ఫోన్లు తీశారు. మళ్లీ వేస్తే మళ్లీ ఢాం. చైను వెనక్కి తన్నింది. ఎవరో మేనమామ, "గిది ఇంజనా, దీపావళి పటాకా?" అన్నాడు. ల్యాబంతా నవ్వు.

 ప్రిన్సిపాల్ సార్ అందరినీ కంప్యూటర్ ల్యాబు వైపు నడిపించారు. పోతూ పోతూ నా వైపు చూసిన చూపులో వెక్కిరింపు లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. నాకు ఏడుపొచ్చింది. పిల్లల ముందు ఏడవకూడదని బయట నీళ్ల ట్యాంకు దగ్గరికి వెళ్లి ముఖం కడుక్కున్నాను. అయిపోయింది, ఇక ఆ ట్రైనింగే గతి అనుకున్నాను.

తిరిగి వచ్చేసరికి నర్సంపేట పిల్ల నేల మీద బోర్లా పడుకుని కిరసనాయిలు గుడ్డతో పుల్లీ తుడుస్తోంది. గుర్తు ఇంకోసారి చూద్దామని తుడిచిందట. గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుని, ఇంకో మూలతో మళ్లీ తుడిచి, మళ్లీ వాసన చూసింది.

"మేడం, జర ఇటు రార్రి. గీ పెయింటుకు పసుపు వాసనెందుకొస్తాంది?"

వెళ్లి చూశాను. గుడ్డంతా పచ్చగా ఉంది. పుల్లీ మీద గీత లేదు. దాని కింద చెక్కిన గుర్తూ లేదు, నున్నటి ఇనుము. అసలు గీత అక్కడికి జానెడు దూరంలో సన్నగా కనబడుతోంది. కుంకుమ సెలవుల్లో రాలిపోయి, వేలితో రాసిన పసుపు గీతే మిగిలింది. మేం ఇన్నాళ్లూ బొట్టును చూసి నిప్పురవ్వకు ముహూర్తం పెట్టాం. పిస్టన్ ఇంకా దారిలో ఉండగానే రవ్వ పడుతోంది. పేలక ఏం చేస్తుంది?

మొదట ఎవరు నవ్వారో తెలియదు. నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి. ఇందాకటి నీళ్లు కావవి. తర్వాత నాకు ఒక్కసారి బస్సులు గుర్తొచ్చాయి. కానివ్వండి, వాళ్లు భోజనాలు చేసి బస్సెక్కేలోపు అని అరిచాను. ఈసారి ఏ రంగునూ నమ్మలేదు. ఆ పిల్ల మొదటి ప్లగ్గు విప్పి, ఆ రంధ్రాన్ని వేలితో మూసింది. వెనక బెంచీ అబ్బాయి పుల్లీని చేత్తో మెల్లగా తిప్పాడు. లోపలి గాలి వేలిని పైకి నెట్టినప్పుడు ఆ పిల్ల కొబ్బరిబోండం స్ట్రా ఒకటి లోపలికి దించింది. స్ట్రా పైకి లేచి లేచి ఆగింది. పిస్టన్ పైకి చేరింది. అప్పుడు ముల్లు ఎదురుగా అసలు గీత వచ్చి నిలబడింది. డిస్ట్రిబ్యూటర్ మళ్లీ బిగించాం.

ప్రిన్సిపాల్ సార్‌ను పిలుచుకురమ్మని ఒకణ్ణి పంపాను. ఆయన ఒక్కరే వచ్చారు. నేను గుడ్డ చూపించి, అసలు గీత చూపించాను. ఆయనకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు, మెకానికల్ మనిషే కదా.

"నేను పెట్టిన బొట్టా?"

"అందరు పైన పెడ్తరు గద సార్, మీరు గంత కింద ఎందుకు పెట్టిన్రు?" అంది ఆ పిల్ల, భయం లేకుండా.

ఆయన పుల్లీ ముందు గొంతుక్కూర్చున్నారు, ఇస్త్రీ ప్యాంటు సంగతి మరిచిపోయి. "ఆ రోజుల్ల దీని టైమింగ్ చూసి చూసి ఉన్న గద. గీత యాడుందో చూడలే, చెయ్యి దానంతటదే ముల్లు కాడికి పోయింది" అన్నారు. ఆయన మీద నాకున్న కోపమంతా ఆ మాటతో పోయింది. చెయ్యికి ఇంకా గుర్తున్న మనిషి మీద ఎంతకాలమని కోపం పెట్టుకుంటాను?

"వెయ్యమ్మా" అన్నారు ఆయనే.

మోటారు గుర్రుమంది. ఎనిమిది సిలిండర్లు మూలిగాయి. దగ్గలేదు, పేలలేదు. ఒకటి అంటుకుంది, రెండోది, తర్వాత అన్నీ ఒక్కసారే అందుకున్నాయి. నేల వణికింది. గురగురమని ఆ శబ్దం కడుపులోంచి వచ్చినట్టు ల్యాబంతా నిండింది. పైన బల్బులు ఎర్రగా మొదలై తెల్లగా వెలిగాయి.  పిల్లలు అరుస్తున్నారు, ఏం అరుస్తున్నారో వినబడలేదు. ప్రిన్సిపాల్ సార్ రెండు చేతులూ తన మోకాళ్ల మీద వేసుకుని కొడుతున్నారు. ఎడమ, కుడి, కుడి, ఎడమ. ఆయనకు తెలుసో లేదో గాని వరస ఎక్కడా తప్పలేదు.

ఆ శబ్దానికి బస్సులెక్కినవాళ్లు దిగి వచ్చారు. గుమ్మం దాటని పెద్దమనిషి కూడా దాటాడు. ఇందాక పటాకా అన్న మేనమామ బల్బుల కింద నిలబడి సెల్ఫీ దిగాడు. ఒక అమ్మాయి తల్లిని గుంజుకుంటూ వచ్చి నర్సంపేట పిల్లను ఏవేవో ప్రశ్నలు అడగడం నేను దూరం నుంచి చూశాను.

ప్రిన్సిపాల్ సార్ మాట నిలబెట్టుకున్నారు. మేనేజ్‌మెంటుతో పోట్లాడారని తర్వాత విన్నాను, ఆయన చెప్పలేదు. అయితే గెలుపంతా మాదే అని చెప్పను. ల్యాబును మధ్యలో అద్దాల గోడ పెట్టి రెండు చేశారు. అవతలి సగంలో కంప్యూటర్లు వచ్చాయి. అడ్మిషన్లు ఇంకో ఏడాది చూద్దామన్నారు. నేను పైథాన్ కూడా నేర్చుకున్నాను, ఒప్పుకోవాలి, అది అంత చెడ్డదేం కాదు. మేం ఇంజన్ లేపినప్పుడల్లా అవతలి పిల్లలు కీబోర్డులు వదిలేసి అద్దానికి ముఖాలు ఆనించి చూస్తారు. ఉడత కూడా తిరిగొచ్చింది, అట్టపెట్టెలోనే ఉంటోంది.

ఈ ఏడు ఆయుధ పూజకు ల్యాబు కడిగి దండలు కట్టాం. నర్సంపేట పిల్ల ఇప్పుడు ఆఖరి సంవత్సరం. పసుపు కుంకుమ పళ్లెం ఒక కొత్త అమ్మాయి చేతిలో ఉంది. నిరుడు తల్లిని గుంజుకొచ్చిన పిల్లే, ఇప్పుడు మా మొదటి సంవత్సరం విద్యార్థిని. తనతోపాటు చేరినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు గానీ, వాళ్లలో పొరపాటున ఆప్షన్ నొక్కినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ పిల్ల వంగి పుల్లీకి బొట్టు పెట్టబోయింది.

"ఆగు, గాడ గాదు" అంటూ నర్సంపేట పిల్ల ఆ అమ్మాయి మణికట్టు పట్టుకుంది. రెండో చేత్తో పుల్లీని మెల్లగా తిప్పింది. చెక్కిన గీత చుట్టూ తిరిగి వచ్చి ముల్లు ఎదురుగా ఆగింది.

"ఇగ పెట్టు."

కొత్త పిల్ల సరిగ్గా ఆ గీత మీద పసుపు రాసి, కుంకుమ అద్దింది. వెనక కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డ ప్రిన్సిపాల్ సార్, ఆ అమ్మాయి లేచి పక్కకు జరిగేదాకా ఆగి, తర్వాత ముందుకు వచ్చారు.